ఇంటి వెనక స్థలాన్ని కమర్షియల్ చేస్తామని నోటీసొస్తే: టెక్సాస్‌లో ఇల్లున్న తెలుగువాళ్లు ఏం చేయాలి

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్, సెలైనా వైపు ఇల్లు కొన్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. కొన్నప్పుడు ఫెన్స్ అవతల ఖాళీ పొలం ఉంటుంది. అక్కడా ఇళ్లే వస్తాయని ఎవరో చెప్తారు. కొన్నేళ్లకి ఆ పొలం అంచున సిటీ బోర్డు లేస్తుంది. పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది: ఈ స్థలాన్ని కమర్షియల్‌గా మార్చమని దరఖాస్తు వచ్చింది, ఫలానా రోజున పబ్లిక్ హియరింగ్. రాబోయేది లక్షన్నర చదరపు అడుగుల హోల్‌సేల్ దుకాణం, ముందు వందల కార్ల పార్కింగ్, మూలన గ్యాస్ స్టేషన్, మన ఫెన్స్ వైపు ట్రక్కులు సరుకు దింపే డాక్.

వెంటనే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు: "మనకి ఓటే లేదు, మన మాట ఎవరు వింటారండీ?" ఈ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆగకండి. టెక్సాస్ చట్టంలో రీజోనింగ్‌ని, అంటే స్థలం వాడకాన్ని ఇలా మార్చడాన్ని, అడ్డుకోవడానికి ఉన్న గట్టి ఆయుధం ఓటరు కార్డు అడగదు, పౌరసత్వం అడగదు. భూమి ఎవరి పేరున ఉందనే అడుగుతుంది. హెచ్1బీ మీద ఉన్న ఇంటి యజమాని సంతకానికీ, ఇక్కడే పుట్టిన యజమాని సంతకానికీ అక్కడ ఒకటే విలువ. కాకపోతే ఆ సంతకం సరైన కాగితం మీద, గడువులోపు, సరైన ఇళ్ల నుంచి రావాలి.

మీ ఇల్లు సిటీ హద్దుల్లో ఉందా?

అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి. టెక్సాస్‌లో జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే అధికారం, సిటీలది. కౌంటీలకు చాలావరకు ఆ అధికారం లేదు. మీ అడ్రసులో ఊరి పేరున్నంత మాత్రాన మీరు ఆ ఊళ్లో ఉన్నట్టు కాదు. కేటీ అని రాసుకునే ఎన్నో కాలనీలు ఏ సిటీలోనూ లేవు, కౌంటీ నేలలో ఉన్నాయి. హ్యూస్టన్ సిటీకైతే అసలు జోనింగే లేదు. అలాంటి చోట పక్క స్థలంలో ఏం రావాలన్నది డీడ్ రిస్ట్రిక్షన్లు (భూమి దస్తావేజుకి కట్టిన షరతులు), రోడ్డు అనుమతులు, వరద నియమాలే తేలుస్తాయి, కింద చెప్పే పద్ధతి పనికిరాదు. సిటీ వెబ్‌సైటులో జోనింగ్ మ్యాప్ తెరిచి, మీ ఇల్లూ ఆ స్థలమూ రెండూ రంగుల్లో కనిపిస్తున్నాయేమో చూడండి. స్థలం సిటీ హద్దుల్లో ఉండటం ముఖ్యం.

అడుగుతున్నది ఏమిటో తేల్చుకోండి

ఉత్తరంలో కేసు నంబరు, ఇప్పుడున్న జోనింగ్, అడుగుతున్న జోనింగ్ ఉంటాయి. మ్యాపులో ఆ స్థలం ముందునుంచీ రిటైల్ అనో కమర్షియల్ అనో ఉంటే, రీజోనింగ్ అయిపోయి ఏళ్లయిందన్నమాట. రెండు పెద్ద రోడ్లు కలిసే మూలల్లో చాలా స్థలాలు ఇలాగే ఉంటాయి. అప్పుడు సిటీ ముందున్నది సైట్ ప్లాన్ (స్థలంలో ఏది ఎక్కడ కడతారో చూపే నక్షా) ఒక్కటే. ప్లాన్ నిబంధనల ప్రకారం ఉంటే సిటీ ఆమోదించి తీరాలి, జనం వద్దన్నారని తిరస్కరించలేదు. అయినా గ్యాస్ స్టేషన్‌కి, కార్ వాష్‌కి, డ్రైవ్-త్రూకి చాలా సిటీలు విడిగా స్పెసిఫిక్ యూజ్ పర్మిట్ అడుగుతాయి. దానికి హియరింగ్ ఉంటుంది. పోరాడగలిగింది అదే అయితే అక్కడే పోరాడండి.

నిజంగా రీజోనింగే అయితే ఇంకో సంగతి తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న సెనేట్ బిల్లు 840 ప్రకారం, 3 లక్షలకు పైగా జనాభా ఉన్న కౌంటీలో, లక్షన్నరకు మించి జనాభా ఉన్న సిటీలు తమ కమర్షియల్, రిటైల్, ఆఫీసు జోన్లలో అపార్ట్‌మెంట్లను కూడా మళ్లీ రీజోనింగ్ లేకుండా అనుమతించాలి. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ ఆ లెక్కలోకి వస్తాయి. అంటే ఈరోజు దుకాణం కోసమని మార్చిన స్థలంలో, దుకాణం బేరం చెడితే, రేపు ఇంకేదైనా రావచ్చు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మనవాళ్లే, మనమూ అక్కడినుంచి వచ్చినవాళ్లమే. వాళ్లకు వ్యతిరేకంగా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. కౌన్సిల్ దగ్గర మాత్రం ఈ ప్రశ్న వేయాలి: "మీరు మారుస్తున్నది ఈ ఒక్క దుకాణం కోసమా, లేక ఈ జోన్‌లో పట్టే ప్రతిదాని కోసమా?"

200 అడుగుల లెక్క

అసలు విషయం ఇది. టెక్సాస్ లోకల్ గవర్నమెంట్ కోడ్ 211వ అధ్యాయం ప్రకారం, మార్చబోయే స్థలానికి ఆనుకుని 200 అడుగుల వరకు ఉన్న నేలలో కనీసం 20 శాతానికి యజమానులైనవాళ్లు రాతపూర్వకంగా నిరసన తెలిపితే, ఆ మార్పుకి మామూలు మెజారిటీ చాలదు. కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో ముప్పావు వంతు మంది ఒప్పుకోవాలి. ఏడుగురున్న కౌన్సిల్లో ఆరుగురు కావాలి. ఇద్దరు కాదంటే కేసు పడిపోతుంది. నలుగురి మనసు మార్చడం వేరు, ఇద్దరి మనసు మార్చడం వేరు.

2025లో హౌస్ బిల్లు 24తో ఈ నియమం కొంత మారింది. ఇళ్ల సంఖ్య పెంచే రీజోనింగ్‌లకి ఇప్పుడు 60 శాతం కావాలి. పాత 20 శాతం కమర్షియల్ మార్పులకు అలాగే ఉంది. అయితే ఇళ్ల ప్రాజెక్టు కింది అంతస్తులో మాత్రమే దుకాణాలు పెట్టి, అవి మొత్తంలో 35 శాతం దాటకపోతే, దాన్ని ఇళ్ల కిందే లెక్కేస్తారు. కాబట్టి దరఖాస్తు ఏ రకమో సిటీ ప్లానర్‌ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

20 శాతం అనేది ఇళ్లలో కాదు, మనుషుల్లో కాదు, విస్తీర్ణంలో. ఇక్కడే చాలా కాలనీలు పొరబడతాయి. ఆన్‌లైన్ పిటిషన్ పెట్టి, మూడు మైళ్ల అవతలి వాళ్లతో సహా రెండు వేల పేర్లు పోగేసి సంబరపడతాయి. చట్టం దృష్టిలో వాటి విలువ సున్నా.

ఒక లెక్క వేసి చూద్దాం. దరఖాస్తు పెట్టిన స్థలం 20 ఎకరాలు, చతురస్రంగా ఉందనుకోండి. ఒక్కో వైపు సుమారు 933 అడుగులు. చుట్టూ 200 అడుగుల పట్టీ గీస్తే, మూలలతో కలిపి దాదాపు 8,72,000 చదరపు అడుగులు. అందులో 20 శాతం అంటే సుమారు 1,74,400. మీ కాలనీ ఒక వైపే ఉంది, ఒక్కో లాట్ 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల లోతు. ఫెన్స్ ఆనుకుని 15 ఇళ్లు పడతాయి. ఒక్కోటి 7,200 చదరపు అడుగులు, అన్నీ సంతకం పెడితే 1,08,000. వాటి ముందు 50 అడుగుల వీధి, వీధికి అవతలి వరుసలో 200 అడుగుల గీత లోపలికి వచ్చేది ముందుభాగంలో 30 అడుగులే. అంటే ఆ వరుసలో ఒక్కో ఇంటికి 1,800. నాలుగిళ్ల సంతకాలు కలిస్తే ఫెన్స్ పక్క ఇల్లు ఒక్కదానికి సమానం. ఆ 15 ఇళ్లూ కలిపితే 27,000. మొత్తం 1,35,000. ఇంకా 39,400 తక్కువ, ఎకరానికి కాస్త తక్కువగా. వీధులు, సందులు కూడా మొత్తం విస్తీర్ణంలో కలపాలని చట్టంలోనే ఉంది కాబట్టి, అవి తీసేసి లెక్కేసుకుని గెలిచామనుకోకండి.

ఆ కొరత తీర్చగలిగేది సాధారణంగా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. ఫెన్స్ వెంట ఉండే గ్రీన్‌బెల్ట్, వాన నీటి చెరువు, నడక దారి హెచ్‌ఓఏ పేరున ఉంటాయి. వాటి విస్తీర్ణం ఎకరాల్లో ఉంటుంది. బోర్డు తీర్మానం చేసి అధ్యక్షుడు ఒక్క సంతకం పెడితే పదుల ఇళ్ల బరువు వచ్చిపడుతుంది. అందుకే నోటీసు రాగానే మొదటి ఫోను హెచ్‌ఓఏ బోర్డుకి చేయండి. కాలనీ ఇంకా బిల్డర్ చేతిలోనే ఉంటే బోర్డు కూడా బిల్డర్ మనుషులదే అవుతుంది, ఆ సంతకం రాకపోవచ్చు. అప్పుడు మిగతా మూడు వైపుల నేల ఎవరిదో చూడాలి: పాత రాంచ్ ఇంటి పెద్దాయన, చర్చి, పక్క కాలనీ హెచ్‌ఓఏ. ఐదెకరాల స్థలంలో ఒంటరిగా ఉండే ఆ పెద్దాయనకి మన వాట్సాప్ గ్రూపు సంగతి తెలియదు. ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి.

మ్యాప్ చూసేటప్పుడు ఇంకొకటి గమనించండి. కొన్నిసార్లు దరఖాస్తుదారు మీ ఫెన్స్ పక్కన ఒక పట్టీ వదిలేసి, మిగతా స్థలానికే రీజోనింగ్ అడుగుతాడు. పట్టీ 200 అడుగులు ఉంటే మీ ఇల్లు లెక్కలోంచే పోతుంది. అలాంటిది కనిపిస్తే హియరింగ్‌లో ఆ పట్టీ ఎందుకు వదిలారో బహిరంగంగా అడగండి.

సంతకాలు

నోటీసు తర్వాత దొరికే వ్యవధి చాలా తక్కువ. కౌన్సిల్ కంటే ముందు దరఖాస్తు చూసి సిఫారసు చేసే ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ హియరింగ్‌కి పది రోజుల ముందు ఉత్తరం పోస్టు చేస్తే చట్టానికి చాలు. కాబట్టి ఆ వారం ఇలా చేయండి.

సిటీ ప్లానింగ్ విభాగానికి ఈమెయిల్ రాసి నాలుగు సంగతులు అడగండి: 200 అడుగుల మ్యాప్, అందులోని యజమానుల జాబితా, నిరసన పత్రం నమూనా, దాన్ని ఏ రోజు ఏ గంటలోపు ఎవరికి ఇవ్వాలి. నోటీసుతో వచ్చిన జవాబు కాగితంలో "వ్యతిరేకిస్తున్నాను" అని టిక్ పెడితే అది చట్టప్రకారం నిరసనగా లెక్కకొస్తుందా అని కూడా అడగండి. ఒక్కో సిటీలో ఒక్కో పద్ధతి. ఈ-సంతకం చెల్లుతుందో లేదో కూడా తెలుసుకోండి. సందేహం ఉంటే సిరా సంతకమే తీసుకోండి.

పత్రం మీద కేసు నంబరు, ఇంటి చిరునామా, యజమాని పేరు, తేదీ, "ఈ మార్పుకి నిరసన తెలుపుతున్నాను" అన్న వాక్యం ఉండాలి. పేరు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే ఆఫీసు) రికార్డులో ఎలా ఉందో అలాగే రాయాలి. మన ఇంటిపేర్లు, ఇనీషియల్స్, పాస్‌పోర్టులో ఒకలాగా డీడ్‌లో ఒకలాగా ఉండటం మామూలే. ఇక్కడ డీడ్‌లో ఉన్నదే లెక్క. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరున ఉంటే ఇద్దరి చేతా పెట్టించండి. ఎల్‌ఎల్‌సీ పేరునో ట్రస్టు పేరునో ఉంటే, సంతకం చేసే మనిషికి ఆ అధికారం ఉన్నట్టు కాగితం జతచేయండి.

అద్దెకున్నవాళ్లు నిరసన పత్రం మీద సంతకం పెట్టలేరు, హియరింగ్‌లో మాట్లాడొచ్చు. ఫెన్స్ పక్క ఇళ్లలో కొన్ని తప్పకుండా అద్దెకిచ్చినవై ఉంటాయి. వాటి యజమానులు కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్లే అయ్యే అవకాశం ఎక్కువ. అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో యజమాని పోస్టు చిరునామా ఉంటుంది. ఓవర్‌నైట్ కొరియర్‌లో పత్రం, తిరుగు కవరు పంపి, ఫోన్‌లో విషయం చెప్పండి. "అన్నా, మీ ఇంటి వెనకాలే డాక్ వస్తోంది" అంటే వినని యజమాని ఉండడు.

కొందరు భయపడతారు: వీసా మీద ఉన్నాం, సిటీకి వ్యతిరేకంగా సంతకం పెడితే ఏమవుతుందో అని. ఇది ఎన్నికల ఓటు కాదు, కేసు వేయడం కాదు. ఆస్తిదారుకి రాష్ట్ర చట్టం ఇచ్చిన హక్కు. ఎవరినీ ఒత్తిడి చేయకుండా, ఈ మాట మాత్రం ఇంటింటికీ వెళ్లి స్పష్టంగా చెప్పండి.

20 శాతం దాటగానే ఆపేయకండి. 30 దాకా తీసుకెళ్లండి. దరఖాస్తుదారు తరఫు మనిషి ఒక్కో ఇంటికీ వెళ్లి, మీ గోడ ఎత్తు పెంచుతాం, చెట్లు నాటుతాం అని చెప్పి సంతకాలు వెనక్కి తీయించడం ఉంటుంది. కొన్ని పత్రాలు పేరు సరిపోలేదని కొట్టేస్తారు. పత్రాలు స్వయంగా ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. శాతం ఎంతొచ్చిందో సిటీ రాతపూర్వకంగా చెప్పేదాకా వదలొద్దు.

కాగితాల్లో ఏం వెతకాలి

సిటీ కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో భవిష్యత్ భూవినియోగ మ్యాప్ ఉంటుంది. అందులో ఆ స్థలం ఇళ్లకని చూపిస్తే అదే మీ మొదటి వాదన. కమర్షియల్ అని చూపిస్తే ఆ వాదన వదిలేసి, ఇంత పెద్దది ఇక్కడ ఇమడదన్న దాని మీద నిలబడండి.

తర్వాత ట్రాఫిక్ నివేదిక. దొరకకపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద రాసి అడగండి. కూడళ్లకు రద్దీని బట్టి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారు. లెక్క ఏ రోజు, ఏ గంటల్లో తీశారో చూడండి. ఆఫీసు వదిలే సాయంత్రపు లెక్క ఒక్కటే ఉంటే అది ఈ దుకాణానికి చాలదు. హోల్‌సేల్ దుకాణానికి జనం పోటెత్తేది శనివారం మధ్యాహ్నం. పక్కన బడి ఉంటే పొద్దున్న పిల్లల్ని దింపే అరగంట కూడా కావాలి. వేసవి సెలవుల్లో తీసిన లెక్కయితే బడి రద్దీ అందులో ఉండనే ఉండదు. ఈ ఒక్క ప్రశ్నతో కేసు వాయిదా పడే అవకాశం ఉంది.

హియరింగ్

మన ఊళ్లలో ఇలాంటి పోరాటం వేరు. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపించిన ముసాయిదా మాస్టర్ ప్లాన్ మీద కలెక్టరేట్ దగ్గర ఆందోళన చేశారు, ఆ నెలలోనే పురపాలక సంఘం దాన్ని వద్దని తీర్మానించింది. రోడ్డెక్కితే కదిలే వ్యవస్థ అది. ఇక్కడ కదిలించేది ఫైలులో చేరిన కాగితం. 2023లోనే ఫ్రిస్కోలో యూనివర్సల్ పిల్లల పార్కుని పొరుగు కాలనీలవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. మార్చిలో కౌన్సిల్ 4–2తో ఆమోదించింది. ముప్పావు వంతు నియమం అడ్డురాని చోట నాలుగు ఓట్లు సరిపోతాయి.

అలాగని హాలు నిండక్కర్లేదని కాదు. ముందు కమిషన్ హియరింగ్, తర్వాత కౌన్సిల్ హియరింగ్, రెండిటికీ వెళ్లాలి. కమిషన్ వద్దని సిఫారసు చేస్తే, దాన్ని కాదనడానికి కూడా ముప్పావు వంతు కావాలని కొన్ని సిటీల సొంత ఆర్డినెన్సుల్లో ఉంటుంది. మీ సిటీలో ఉందో చూడండి. మనిషికి సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. ఇరవై మంది ఒకే మాట చెప్తే కౌన్సిల్ సభ్యులు ఫోన్లు చూసుకుంటారు. పంచుకోండి: ఒకరు శనివారం ట్రాఫిక్, ఒకరు తెల్లవారుజామున రివర్స్‌లో వచ్చే ట్రక్కుల చప్పుడు, ఒకరు వాన నీరు ఎటు పోతుందన్నది, ఒకరు 20 శాతం లెక్క. మిగతావాళ్లు లేచి నిలబడి మద్దతు తెలిపితే చాలు.

మా ఇళ్ల ధరలు పడిపోతాయనే మాటతో మొదలుపెట్టకండి, అది ప్రతి కేసులోనూ వింటారు. ఏ కంపెనీ మంచిది, ఏది కాదు అన్నది జోనింగ్ విషయం కాదు. బయటివాళ్లు వస్తారు, నేరాలు పెరుగుతాయి లాంటి మాటలు అసలు వద్దు. అవి తప్పు, మన లాంటి రంగువాళ్లం ఆ మైకు ముందు అలా మాట్లాడటం ఇంకా తప్పు.

ఇంటి డీడ్‌లో పేరున్న అమ్మానాన్నలు మీతో ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి. టెక్సాస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. రోజంతా ఇంట్లో ఉండేది వాళ్లే, ఆ పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్లు పోసేది వాళ్లే. "పొద్దున నాలుగింటికి లారీ చప్పుడుకి లేస్తే నాకు మళ్లీ నిద్ర పట్టదు బాబూ" అని ఒక పెద్దావిడ తెలుగులో చెప్తే, కొడుకో కోడలో దాన్ని ఇంగ్లిషులో చెప్తే, ఆ ఆరు నిమిషాలు ఎవరూ ఫోను చూడరు.

బేరం తప్పదనిపిస్తే

ఆరు ఓట్లూ అవతలి వైపే ఉన్నాయని తెలిస్తే, చివరి వారం బేరానికి వాడుకోండి. డాక్ ఇళ్ల వైపు కాకుండా రోడ్డు వైపు, సరుకు దింపే వేళలు, ఎనిమిది అడుగుల రాతి గోడ, లైట్లు కిందికే పడేలా కప్పు, గ్యాస్ స్టేషన్ ఫెన్స్‌కి దూరంగా, మీ కాలనీ వీధిలోకి దారి లేకుండా. నోటిమాటగా ఇచ్చినదేదీ నిలవదు. ప్లాన్డ్ డెవలప్‌మెంట్ ఆర్డినెన్సు (ఆ ఒక్క స్థలానికని సిటీ చేసే నియమాలు) పాఠంలో అక్షరాలా ఉండాలి. ఆర్డినెన్సులో పెట్టడానికి వీల్లేని హామీలుంటే, హెచ్‌ఓఏకీ స్థల యజమానికీ మధ్య డీడ్ రిస్ట్రిక్షన్ రాసుకుని కౌంటీలో నమోదు చేయించాలి. దీనికి ల్యాండ్ యూజ్ లాయర్ కావాలి. ఖర్చు ఇళ్లన్నీ పంచుకుంటే భరించగలిగేదే.

తర్వాత

ఓడిపోయేలా ఉందని తెలిస్తే దరఖాస్తుదారే వాయిదా అడుగుతాడు. హియరింగ్‌లో ఫలానా తేదీకి వాయిదా అని ప్రకటిస్తే మళ్లీ ఉత్తరం రాకపోవచ్చు. అందుకని ఇద్దరు మనుషుల్ని ప్రతి కౌన్సిల్ ఎజెండా చూసే పనికి పెట్టండి. మీటింగుకి కనీసం మూడు పనిదినాల ముందు అది బయటికి రావాలి. తిరస్కరించినా, అదే దరఖాస్తు మళ్లీ ఎప్పుడు పెట్టొచ్చో సిటీ ఆర్డినెన్సులో చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. మళ్లీ వచ్చినప్పుడు కొత్త నిరసన పత్రాలు కావాలి, పాతవి చెల్లవు.

చాలా ఊళ్లలో కౌన్సిల్ ఎన్నికలు మే నెల మొదటి శనివారం జరుగుతాయి, ఓటేసేవాళ్లు తక్కువ. పౌరసత్వం వచ్చినవాళ్లు పోలింగుకి 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాత్రం ఏ అభ్యర్థికీ ఒక్క డాలరు కూడా విరాళం ఇవ్వకూడదు. ఊరి కౌన్సిల్ ఎన్నికకైనా సరే, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు.